కరుణమ్మ పీల్చని మందు

2013 జూన్‌లో డిప్యూటీ సివిల్ సర్జన్‌గా పదోన్నతి ఇచ్చి నన్ను శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వేశారు. మావారి ఉద్యోగం గుంటూరులో. క్వార్టర్లో నేనొక్కదాన్నే. ఓపీ ముగిశాక మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఆదివారం పొద్దున మాత్రం ప్రహరీ అవతలి బాప్టిస్టు చర్చిలోంచి పాటలు వినిపించేవి. వంటింట్లో నిలబడి వినేదాన్ని.

ఆ వర్షాకాలంలో కరుణమ్మ అనే ఆమెను పక్కింటివాళ్లు ఆటోలో తెచ్చి దింపి వెళ్లారు. నలభై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు, జాకెట్లు కుట్టి బతుకుతుంది. ఉబ్బసం. పెదవులు నీలంగా మారాయి, ఒక్క మాట కూడా పూర్తిగా అనలేకపోతోంది. ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్‌తో మందు ఆవిరి పట్టించి, స్టీరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాం. సాయంత్రానికి తేరుకుంది. వానలు మొదలయ్యాక ఆమె అలా రావడం అది మూడోసారి.

ఉబ్బసానికి పీల్చే మందులు రెండు రకాలు. ఒకటి ఆయాసం వచ్చినప్పుడు అప్పటికప్పుడు ఊపిరి ఆడించేది. రెండోది ఆయాసం రాకుండా కాపాడేది. ఇందులో కొద్దిగా స్టీరాయిడ్ ఉంటుంది, ఒంట్లో బాగున్నా రెండు పూటలా పీల్చాలి. జనం మానేసేది ఈ రెండోదాన్నే. బాగున్నప్పుడు మందెందుకని కొందరు, అలవాటు పడిపోతామని కొందరు, నలుగురిలో సిగ్గని కొందరు. కరుణమ్మ మాత్రం "వాడతన్నానమ్మా" అంది. పీల్చి చూపించమన్నాను. ఎక్కడా తప్పు లేదు. మరి ఎందుకు తిరగబెడుతోందో అర్థం కాలేదు.

ఇంటికి పంపే రోజు ఆమె కోసం ఎవరూ రాలేదు. ఓపీ అయ్యాక వార్డులోకి వెళ్తే సంచి ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. నాకూ తొందరేం లేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. మాటల్లో, చర్చిలో పాట ఎత్తుకునేది తనేనని చెప్పింది. నేను ఆదివారాలు వినేది ఆ గొంతేనన్నాను. ఆమె తలొంచుకుంది.

"మీకు అబద్దం సెప్పినానమ్మా. ఆ రెండోది పీల్తే గొంతు బొంగురు పోతాది. పాట పైకి లెగదు. అందుకే మానీసినాను."

"ప్రాణం మీదికి వస్తోంది కదా, కరుణమ్మా?"

"వస్తాది. తెలుసు. వారం పొడుగునా నాతో మాటాడీవోలు ఎవులూ నేరు. ఆదోరం పాడితే నలుగురు దగ్గరకొచ్చి పలకరిస్తారు. గొంతు పోతే నా కాడికెవులొస్తారు, సెప్పండి?"

గొంతు సంగతికి ఉపాయం ఉందన్నాను. మందు అంతా ఊపిరితిత్తుల్లోకి పోదు, కొంత గొంతులోనే పడి బొంగురు చేస్తుంది. ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలిస్తే అలా పడేది తగ్గుతుంది. పీల్చిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి. ఫార్మసిస్టు చేత శ్రీకాకుళం నుంచి స్పేసర్ తెప్పించాను. ఆదివారం పొద్దుటి మందు మాత్రం ఆరాధన అయ్యాకే పీల్చుకోమన్నాను. గొంతు మునుపట్లా వస్తాదా అని ఆమె అడిగింది. చాలావరకు వస్తుందనీ, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేననీ చెప్పాను.

ఆమె వాడింది. మళ్లీ ఆటోలో రాలేదు. నెలనెలా వచ్చి పీక్ ఫ్లో మీటర్ ఊదేది. ఊపిరి ఎంత జోరుగా వదలగలరో కొలిచే పరికరం అది. అంకె పెరుగుతూ వచ్చింది. బొంగురు తగ్గింది గాని గొంతు పై స్థాయికి ఎక్కలేదు. క్రిస్మస్ నాటికి పాట ఎత్తుకునే పని ఇంకో అమ్మాయికి అప్పగించారు. కరుణమ్మ వెనక వరసలో వంత పాడేది. మా వంటింట్లోకి ఆమె గొంతు విడిగా వినిపించేది కాదు.

మరుసటి ఏడు నా బదిలీకి ముందు చివరిసారి వచ్చింది. మీటర్ ఊది అంకె చూసుకుంది.

"ఊపిరికేటీ లోటు నేదమ్మా. పాటయ్యాక అందరూ ఆ పిల్ల సుట్టూ సేరతారు. నాను ఇంటికొచ్చెస్తాను."

మందు ఆపెయ్యాలని ఉందా అని అడిగాను.

"ఉన్నాది. ఆపను," అంది.

అప్పటినుంచి పదవీ విరమణ దాకా, మందు వాడుతున్నావా అని అడిగిన ప్రతి మనిషినీ, వాడితే నీకేం పోతోందని కూడా అడిగేదాన్ని. కొన్ని నష్టాలకు వైద్యంలోనే ఉపాయం దొరికేది. కొన్ని ఆసుపత్రి తీర్చగలిగేవి కావు. ఆ నష్టాన్ని భరిస్తూనే మనిషి మందు పీలుస్తున్నాడని వైద్యుడికి తెలిసి ఉండాలి.