శని మామ మీద, సైటు నోఫికర్ పేరు మీద

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు లామినేషన్ కూడా చేయించుకున్నవాడికి ఇంకేం తెలియాలి? హైటెక్ సిటీలో మొదటి బిల్డింగు లేచిన కొత్తలో మా మేనమామ హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో కంప్యూటర్ టేబుళ్లు చేయించి అమ్మేవాడు. ఇంగ్లీషు ఉత్తరాలు రాసిపెట్టడం నా పని. షాపుకు మా అమ్మమ్మ పేరు, లచ్చవ్వ ఫర్నిచర్. ఇంటర్నెట్‌లో మనకూ ఒక సైటు ఉండాలని మామ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేనే (రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను).

సైటు చేసిపెట్టేవాడు ఒకడు దొరికాడు. దిగులు పడొద్దన్నట్టు ప్రతి మాటకూ "ఫికర్ చెయ్యకు" అంటాడు కాబట్టి వాడికి నోఫికర్ అని నేనే పేరు పెట్టాను. "సైటు అడ్రసు ఎవరి పేరు మీద తీస్కోవాలె సేటూ?" అని వాడు అడిగాడు. మామకు అప్పుడు ఏలినాటి శని. కొత్తది ఏదీ తన పేరు మీద కొనవద్దని పంతులు చెప్పాడు. అందుకే స్కూటరు అత్త పేరు మీద, షాపు ఫోను బామ్మర్ది పేరు మీద ఉండేవి. "నా పేరు వద్దు బిడ్డా, నీ పేరు మీద రాయించు" అన్నాడు మామ నాతో. ఫారం నిండా ఇంగ్లీషు గళ్లు. ఆ రోజు క్రికెట్ ఉంది. "పేరుల ఏమున్నది మామా? సైటు మనదే గద. మ్యాచ్ మొదలైతది, పోదాం పా" అన్నాను. నోఫికర్ వెంటనే అందుకున్నాడు. "జర నా పేరు మీద ఉండనియ్యి సేటూ. నాకు గురుబలం మస్తుగున్నది. సైటుకు జాగ కిరాయి, పాస్‌వర్డు, అన్నీ నేనే చూస్కుంట. ఫికర్ చెయ్యకు." సైటు తెరిచిన రోజు మామ మానిటర్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు. వాడి పేరు మీదున్న సైటుకు మా కొబ్బరికాయ!

ఏడాది తిరగకముందే హైటెక్ సిటీలో కొత్తగా తెరుస్తున్న ఒక ఆఫీసు రెండు వందల టేబుళ్లు కావాలంది. ఆ ఆర్డరు వస్తే మా వడ్రంగులు పన్నెండు మందికీ నెలల తరబడి పని, రాకపోతే సగం మందిని పంపెయ్యాలి. "మీ మెయిల్‌కి వివరాలు పంపిస్తామండి" అని అక్కడి మేడమ్ ఫోనులో చెప్పారు. పది రోజులు మోడెం గీపెట్టింది, నేను మెయిల్ తెరిచి చూశాను, ఏమీ రాలేదు. పదకొండో రోజు మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

"అదేంటండీ, మీరు జవాబు ఇచ్చారుగా!" అన్నారు మేడమ్. "మీ వాళ్లే టేబుల్ తెచ్చి చూపించారు. నిన్ననే సంతకాలు కూడా అయిపోయాయండి." మానిటర్ మావైపు తిప్పారు. పైన అడ్రసులో మా అమ్మమ్మ పేరు. కింద కూకట్‌పల్లిలోని వేరే షాపు బోర్డు, వాళ్ల టేబుళ్లు. షాపు పేరు మార్చుకున్నారేమో అనుకున్నారట పాపం. "అది మా అమ్మ పేరమ్మా" అన్నాడు మామ. 

నేను నేరుగా నోఫికర్ దగ్గరికి పోయాను. "నేనిప్పుడు ఆ కూకట్‌పల్లోళ్ల దగ్గర నౌకరి చేస్తున్న. అడ్రసు నాది, దానికొచ్చే మెయిలూ నాదే, నా ఇష్టమున్నట్టు తిప్పుకుంట. నీ దగ్గర కాయితం ఉన్నదా?" అన్నాడు కుర్చీలోంచి లేవకుండా. నా దగ్గర లామినేషన్ చేసిన సర్టిఫికెట్ తప్ప ఏ కాగితమూ లేదు. ఒరేయ్ దొంగ వెధవా, మా అమ్మమ్మ పేరు నీదెట్లా అయిందిరా! గొంతు చించుకుని అరిచాను. వాడి మౌస్ తీసి గోడకేసి కొట్టాను (పగల్లేదు, వైరు నా వేళ్లకే చుట్టుకుంది). "ఫికర్ చెయ్యకు, కొత్తది చేసిస్త" అన్నాడు వాడు. ఇన్నేళ్లయినా ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. అంతకంటే ఎక్కువ నా మీద మండుతుంది. దుకాణం పెట్టినవాడెవడైనా బోర్డు రాసినవాడి చేతిలో తాళంచెవి పెట్టి ఇంటికి పోతాడా? నేను పోయాను, అదీ మ్యాచ్ చూడటానికి.

ఆ నెలలో ఆరుగురు వడ్రంగులు వెళ్లిపోయారు. మామ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంకో అడ్రసు తీస్కో. గీసారి నా పేరు మీదనే" అన్నాడు. శని సంగతి గుర్తుచేశాను. "ఇంతకంటె ఏం జేస్తదిరా శని?" అన్నాడు.

అప్పటినుంచి ఏడాదికోసారి ఆ పాత అడ్రసు కొట్టి చూసి, నోఫికర్‌ను తిట్టుకోవడం నాకు అలవాటు. పోయిన నెల చూస్తే అది ఖాళీగా ఉంది, ఎవరైనా కొనుక్కోవచ్చు! వెంటనే కొని, బాచుపల్లిలో ఉన్న మామ దగ్గరికి పరిగెత్తాను. షెడ్డు మూసేసి చాలా ఏళ్లయింది, ఆయనకు కళ్లు కూడా సరిగా ఆనడం లేదు. "మామా, అమ్మమ్మ పేరు మళ్లీ మనకొచ్చింది" అన్నాను. "ఎవరి పేరు మీద?" అన్నాడు ముందుగా. "నీ పేరు మీదనే మామా." తృప్తిగా తలూపి, పాస్‌వర్డు కాగితం మీద రాయించుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు. దాన్ని నా ఫోనులో కూడా రాసుకుంటానన్నాను.

"నీకెందుకురా?" అన్నాడు జేబు మీద చెయ్యేసుకుని. "నీకు మ్యాచ్ ఉంటది గద."

లామినేషన్ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగిన ఆ ఇరవై రెండేళ్ల మొనగాడు గుర్తొచ్చాడు. ఇన్నేళ్లలో మొదటిసారి వాడి మీద కోపం రాలేదు, నవ్వొచ్చింది.