ఓడిపోని జట్టు

మల్లాపూర్‌లో గేర్లు కోసే చిన్న ఫ్యాక్టరీ మాది. రెండు వేల పదిలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదలవగానే మావాళ్లు చీట్లు తీసి ఒక్కొక్కరికి ఒక్కో దేశాన్ని అంటగట్టారు. షరతు ఒక్కటే. ఎవరి దేశం ఓడితే వాళ్లు వారం పాటు ఎదురు హోటల్ నుంచి అందరికీ టీ మోయాలి. ఫుట్‌బాల్ గురించి మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. టీ గురించి తెలుసు.

నాకు న్యూజిలాండ్ వచ్చింది. బలహీనమైన జట్టని పేపర్లో చదివి ఉన్నాను, ప్రాణం ఉసూరుమంది. నేను అకౌంటెంట్‌ని, పైగా అక్కడున్న ఒకే ఒక్క కోస్తా వాణ్ణి. తెలంగాణ ఉద్యమం వేడిమీద ఉన్న ఏడాది అది. లేత్ మిషన్ల మధ్య ట్రే పట్టుకుని తిరిగితే నవ్వులపాలవుతానని నా భయం. జనగామ దిక్కు నుంచి వచ్చిన లేత్ ఆపరేటర్‌కు ఇటలీ తగిలింది. అప్పటికి వాళ్లే ఛాంపియన్లు, ఆయనకా సంగతి తెలియదు. న్యూజిలాండ్ అంటే క్రికెట్‌లో మీరు చూసినవాళ్లే, చీటీ మార్చుకుందామన్నాను. వాళ్లే ఇది కూడా ఆడతారా అని అడిగాడు. ఆడతారన్నాను. చదువుకున్నవాణ్ణి కదా, నమ్మి చీటీ మార్చుకున్నాడు.

మొదటి మ్యాచ్ హోటల్ టీవీలో చూశాం. ఓడిపోయిందనుకున్న న్యూజిలాండ్ ఆఖరి నిమిషంలో గోల్ కొట్టి సమం చేసింది. సంబరం తీరాక, తెలిసిన మొహం ఒక్కటీ కనబడలేదేమిటని ఆయన నన్ను అడిగాడు. వాళ్లకు విశ్రాంతి ఇచ్చారన్నాను.

రెండోది నా ఇటలీతోనే. ఆదివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని నాచారంలో మా ఇంటికొచ్చాడు. ముందు గోల్ కొట్టింది ఆయనవాళ్లే. మా ఆవిడ చప్పట్లు కొట్టింది. చివరికి ఒకటి ఒకటి. ఓడలేదని ఆయన సంతోషంగా వెళ్లాడు. గెలవలేదని నేను అన్నం సరిగ్గా తినలేదు.

మూడో మ్యాచ్‌లో న్యూజిలాండ్ మళ్లీ సమం చేసింది. అదే సాయంత్రం ఇటలీ ఓడి, గ్రూపులో అట్టడుగుకు చేరింది. రెండు జట్లూ ఇంటిదారి పట్టాయి. మర్నాడు ట్రే నా చేతికొచ్చింది. ఎవరూ నవ్వలేదు. నాకు అదే ఎక్కువ మండింది.

ఆయన లేత్ ఆపి గ్లాసు అందుకున్నాడు. "మావోళ్లు ఒక్కపారి గూడ ఓడలే గద సార్, మరి ఇంటికెందుకు పంపిన్రు?"

ఒక్క గెలుపూ లేక పాయింట్లు చాలలేదంటూ నేను లెక్క మొదలుపెట్టాను. వివరించడం నాకు అలవాటు. కిందటి డిసెంబర్‌లో వచ్చిందన్న తెలంగాణ రెండు వారాలకే వెనక్కిపోయినప్పుడు కూడా వీళ్లందరికీ నేనే వివరించాను. 'అన్యాయమే, కానీ...' అంటూ గంటసేపు చెప్పాను. అప్పుడు ఆయన చివరిదాకా విన్నాడు. ఈసారి చెయ్యి అడ్డంపెట్టాడు.

"లెక్కలు ఎప్పుడూ మీరే జెప్తరు, మేం ఇంటం. ఓడిన్రా లేదా, గది జెప్పుండ్రి."

'కానీ' నా నాలుక మీదే ఉంది. చాలా కష్టపడి మింగాను.

"లేదు. ఓడలేదు."

"గంతే సార్" అన్నాడు. "గా మాట ఒక్కపారి మీ నోట ఇందామనే అడిగిన."