డాక్టరుగారి లెక్కలో ఒకటే ఇంజను

"...నోట్లో దూది కుక్కి, కుర్చీ వెనక్కి వాల్చి, మనిషిని అలా వదిలేసి మేడెక్కుతారా ఎవరైనా?"

"అయిదు నిమిషాలేగా. మత్తు ఎక్కాలిగా."

"మత్తు ఆయనకి ఇచ్చారా, మీరు తీసుకున్నారా?"

ముందుగదిలో వరసకోసం కూర్చున్న నలుగురూ పత్రికలు ముఖాలకి అడ్డం పెట్టుకుని చెవులు మాత్రం ఇటు వేశారు. పళ్ళ డాక్టరుగారికీ ఆయన భార్యకీ ఈ గొడవ కొత్తది కాదు. ఆయనకున్న బలహీనత ఒక్కటే: ఆకాశంలో పాత విమానం మోత వినిపిస్తే ఇక భూమ్మీద ఉండరు.

ఊరి చివర పాత విమానాలను బాగుచేసే షెడ్డు ఒకటుంది. ఎప్పుడో అరవై, డెబ్బై ఏళ్ళ కిందటి విమానాలు అక్కడ మళ్ళీ ప్రాణం పోసుకుని, పొద్దున పదిన్నర ప్రాంతంలో పరీక్షకి పైకి లేస్తాయి. కొత్త విమానాలు నెత్తిమీదుగా ఎన్ని పోయినా డాక్టరుగారు తలెత్తరు. "అవి బస్సులు" అంటారు. పాతది గొంతు సవరించుకుందంటే మాత్రం చేతిలో ఉన్నది అక్కడే పెట్టి, మూతికి గుడ్డ ఉండగానే మెట్లు రెండేసి చొప్పున ఎక్కేస్తారు. ఓసారి చేతిలో ఉన్నది కింద పెట్టడం మరిచిపోయారు. అది ఒక పెద్దమనిషి కట్టుడుపళ్ళ సెట్టు. పాపం ఆయన తన పళ్ళ వెంట మూడంతస్తులూ ఎక్కాడు. పైన డాక్టరుగారు ఆ పళ్ళతోనే ఆకాశం వైపు చూపిస్తూ, "ఆ రెక్క వంపు చూశారా!" అన్నారట. ఆయన చూశాడు కానీ, జవాబు చెప్పడానికి పళ్ళు లేవు.

ఇవన్నీ భార్య సహించింది. సహించలేనిది వేరే ఉంది. ఇంత పిచ్చి ఉన్న మనిషికి విమానం గురించి ఒక్క ముక్క సరిగ్గా రాదు.

మేడ మీదనుంచి ఎదురింటి బాల్కనీకేసి అరుస్తారు: "బాబాయిగారూ! ఒకటే ఇంజను! పసుపుపచ్చ రెక్కలు!"

ఎదురింటి బాబాయిగారు ఆ షెడ్డులో నలభై ఏళ్ళు మెకానిక్కుగా చేసి రిటైరైనవారు. బైనాక్యులర్సు కళ్ళకి పెట్టుకుని, వీధంతా వినపడేలా తిడతారు. "ఒకటా, నీ మొహమా! రెండూ ఒకదాంతో ఒకటి పోట్లాడుకుంటుంటేను! ఎడమది దగ్గుతోంది కూడా. పదేళ్ళ నించీ చూస్తున్నావు, ఏం చూస్తున్నావయ్యా డాక్టరూ?"

"రెండా! అవునవును, ఇప్పుడు కనిపించింది."

కూరలు అమ్మే ఆవిడ దగ్గర్నుంచి వీధిలో అందరికీ ఆ రెండూ ముందే కనిపించి ఉంటాయి.

చిక్కు అక్కడే వచ్చింది. పోయిన నెల్లో పన్ను తీయించుకోవడానికి వచ్చిన గుమాస్తా ఒకాయన ఆ అరుపులు విని, మెల్లిగా లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఏమైందండీ?" అని ఆవిడ అడిగింది.

"ఏం లేదమ్మా. అంత ఆకాశంలో రెండుంటే ఒకటంటున్నారు. నా నోట్లో పక్కపక్కనే ఉన్నాయి."

ఆ మాట ఊళ్ళో పాకింది. పన్నెండుమంది ఉండే వరస నలుగురికి దిగింది. ఇవాళ పొద్దున్నే ఆవిడ ఊరికి అటు చివర, ఏ మోతా వినపడని చోట ఆస్పత్రికి రెండు గదులు చూసి, సాయంత్రంలోగా కబురు చేస్తానని చెప్పి వచ్చింది.

ఇవాళ గొడవ సగంలో ఉండగానే, పోయిన విమానం ఇంకో చుట్టు తిరిగొచ్చింది. డాక్టరుగారు మాయం. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలని ఆవిడా వెనకే మేడెక్కింది. కుర్చీలో దూది నోటాయన "ఊఁ, ఊఁ" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

పైన డాక్టరుగారు నోటుపుస్తకంలో గబగబా రాస్తున్నారు. ఆవిడ భుజం మీదనుంచి తొంగిచూసింది. 'రెండు ఇంజన్లు. కుడిదాన్నుంచి సన్నగా పొగ. ఎర్ర తోక.' రాయడం అయ్యాక ఆయన గొంతెత్తారు.

"బాబాయిగారూ! ఒకటే ఇంజను! ఎర్ర తోక!"

కింద కుర్చీలో ఆయన తెరిచినంతగా ఆవిడ నోరు తెరిచింది. "రెండని రాశారుగా?"

"ష్! బాల్కనీ చూడు."

బాబాయిగారు బైనాక్యులర్సు ఎత్తి, విమానం పోయే వైపే తిప్పుతున్నారు. రెండు అద్దాలకీ నల్లటి మూతలు బిగించే ఉన్నాయి.

"ఆ మూతలు తీయక రెండేళ్ళయింది," అన్నారు డాక్టరుగారు. "చూపు పోయిందని ఎవరికీ చెప్పలేదు. అంతా చెవులతోనే లాక్కొస్తున్నారు. రంగు చెవికి తెలీదుగా, అదొక్కటీ నిజం చెప్తాను. మిగతాది ఆయన నాకు చెప్తారు."

"ఆ ముక్క నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే నువ్వు ఆయనతో మెత్తగా మాట్లాడటం మొదలెడతావు. ఇట్టే పట్టేస్తారు. ఇక బాల్కనీలోకి రారు."

ఎదురుగా బాబాయిగారు మంచి ఊపు మీదున్నారు. "ఒకటట! కుడిది ఊపిరాడక చస్తోంటే ఈయనకి ఒకటట! ఈయన చేతిలో నోరు పెట్టినవాళ్ళ గతేమిటో!"

వీధిలో ఇద్దరు ఆగి నవ్వుకుంటున్నారు. ఆవిడ వాళ్ళని చూసింది, బాల్కనీని చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఆ గదులు వద్దని ఇప్పుడే చెప్పేస్తాను," అంది. "రేపటినించి మీరు రంగులు చెప్పండి చాలు. ఇంజన్లు నేను తప్పు చెప్తాను. పళ్ళు తీసేది నేను కాదుగా."