రెండొందల నలభై ఎడమ చేతులు

మా చిన్నాన్నకు అబద్ధం ఆడటం రాదు. అదొక సుగుణమని మా పిన్ని ఏనాడూ అనుకోలేదు. చేతకానితనం అనే అనుకుంది.

ఇరవై రెండేళ్లు ఒకే చొక్కాల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించాడాయన. బల్ల మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పైన చొక్కా చెయ్యి గీసిన కాగితం పెట్టి, కరెంటు కత్తితో అన్నిటినీ ఒకేసారి కోస్తారు. ఒకవైపే పువ్వులు అచ్చేసిన గుడ్డయితే ఒక పొర పువ్వులు పైకి, ఇంకో పొర పువ్వులు కిందికి పరవాలి. అప్పుడే సగం కుడి చేతులు, సగం ఎడమ చేతులు వస్తాయి. ఒకరోజు ఆయన పువ్వులన్నీ పైకే పరిచాడు. రెండొందల నలభై పొరలు, రెండొందల నలభై ఎడమ చేతులు. కొయ్యడానికి నిమిషం పట్టింది. ఉద్యోగం ఊడటానికి అంత కూడా పట్టలేదు.

ఏడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. పిన్ని జీతంతోనే ఇల్లు గడిచింది. ఆమె ఒక్క మాట అనలేదు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేదని నాకనిపించేది. ఆయన రోజుకు రెండుసార్లు ఇల్లు ఊడ్చేవాడు. అది చాలక మా ఇంటికొచ్చి మా ఇల్లు కూడా ఊడ్చేవాడు.

చివరికి ఇంకో ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పిన్ని తమ్ముడు పనిగట్టుకొచ్చి పాఠం చెప్పాడు.

"బావా, అక్కడెందుకు మానేశావంటే కంపెనీ మూసేశారను. అంతే. పైన ఇంకో ముక్క మాట్లాడకు."

చిన్నాన్న వారం రోజులు అద్దం ముందు బట్టీ పట్టాడు. ఇంటర్వ్యూ రోజున పిన్ని సెలవు పెట్టి గేటు దాకా వెళ్లింది. లోపల మేనేజరమ్మ, పక్కనే కటింగ్ మాస్టర్ కూర్చుని ఉన్నారు.

"అక్కడెందుకు మానేశారు?" అంది మేనేజరమ్మ.

"కంపెనీ మూసేశారండి."

"మూసేశారా? నిన్ననే వాళ్లతో ఫోన్లో మాట్లాడానే!"

చిన్నాన్న బట్టీ పట్టింది అక్కడితో అయిపోయింది. "నాకు మూసేశారండి," అన్నాడు. ఆ తర్వాత దాచుకునేదేముంది, ఎడమ చేతుల కథంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

మాస్టర్ పెదవి విరిచాడు. "పువ్వులు చూసుకోకుండా కోశావా? మా దగ్గర నిన్నగాక మొన్నొచ్చినవాడు కూడా ఆ పని చెయ్యడయ్యా. సరే, పనితనం చూద్దాం రా."

బల్ల దగ్గరికి తీసుకెళ్లి కత్తి చూపించాడు. "పొద్దున నేనే పరిచాను. కొయ్యి."

చిన్నాన్న కత్తి ముట్టుకోలేదు. గుడ్డ అంచు ఎత్తి ఒక పొర చూశాడు, రెండోది చూశాడు, అలా పది చూశాడు. గేటు దగ్గర ఎండలో నిలబడ్డ పిన్ని గుర్తొచ్చి ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఇది నేను కొయ్యనండి."

"మాస్టర్ పరిచింది కొయ్యరా? ఉద్యోగం అక్కర్లేదా?" అంది మేనేజరమ్మ.

"కావాలండి. చాలా కావాలి. ఉన్న ఉద్యోగం ఇలాగే పోయింది. రాని ఉద్యోగం కూడా ఇలాగే పోగొట్టుకోమంటారా?"

మాస్టర్ వచ్చి అంచు ఎత్తి చూశాడు. పువ్వులన్నీ పైకే ఉన్నాయి. ఆయన ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అది ఆయన పెట్టిన పరీక్షేం కాదు.

పొరలు చూడని మేనేజరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏమంటారు మాస్టర్, తీసుకుందామా? కాగితంలో ఏం రాయమంటారు?"

"అనుభవం ఉందని రాయండమ్మా," అంటూ మాస్టర్ పై పొర తిరగేయడానికి ఒక కొస ఎత్తాడు.

చిన్నాన్న రెండో కొస పట్టుకున్నాడు.