ఇరవై రెండో పువ్వు

మా అక్క హాజరు పిలిస్తే గుడ్డులో ఉన్న కోడిపిల్ల కూడా “ప్రెజెంట్ టీచర్” అనాల్సిందే. నమ్మకపోతే మీ ఖర్మ. ఎనిమిదో తరగతిలోనే చదువుకో దండం పెట్టి బయటపడ్డవాణ్ణి, నాకు అబద్ధాలతో పనేముంది?

అక్క చిన్నపిల్లల బళ్ళో టీచరు. పాతికమంది ఐదేళ్ళ బుడతలకి అంకెలు నేర్పుతుంది. ఆ యేడు క్లాసులోనే గుడ్లు పొదిగించాలన్న పిచ్చి పట్టింది ఆవిడకి. పెద్ద టీచరు ఒప్పుకున్నారు గానీ షరతు పెట్టారు.

“చూడమ్మా, పిల్లలు ఆశపడి ఏడుస్తూ ఇంటికెళ్ళారో, ఇక ఈ బళ్ళోకి చీమని కూడా తేనివ్వను.”

పెట్టె చేసింది ఎవరనుకున్నారు? నేనే. థర్మాకోల్ పెట్టె, లోపల బల్బు, గిన్నెడు నీళ్ళు, ఒక థర్మామీటరు, మూతకి చిన్న అద్దం. ఇంజనీర్లు వచ్చి నా కాళ్ళకి మొక్కాల్సిన పని. అక్క మాత్రం, “అద్దం వంకరగా అతికించావురా” అంది.

పన్నెండు గుడ్లు. ప్రతిదానికీ ఒక పక్క సున్నా, రెండో పక్క ఇంటూ గీసింది. పొద్దున సున్నా పైకుంటే మధ్యాహ్నం ఇంటూ పైకి రావాలి. తిప్పే వంతు కోసం బుడతలు కొట్టుకుచచ్చారు. గోడమీది చార్టుకి రోజుకో కాగితం పువ్వు అంటించేవాళ్ళు. సెలవు రోజుల్లో ఈ రెండు పనులూ అక్కే వెళ్ళి చేసేది. గుడ్డు పిల్లవడానికి ఇరవై ఒక్క రోజులు కనక, ఇరవై ఒకటో పువ్వు రోజున కోడిపిల్లలు వస్తాయని అక్క పిల్లలకి మాటిచ్చింది. అక్కడితో ఆగిందా? వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా పిలిచింది.

ఆ రోజు క్లాసులో కాలు పెట్టే చోటు లేదు. గుడ్లు మాత్రం కదల్లేదు, మెదల్లేదు. గంట గడిచింది.

“టీచరుగారూ, ఉల్లిపాయలు తరగమంటారా?” అన్నాడు ఒక పిల్లాడి తండ్రి.

నేను నవ్వబోయి, అక్క మొహం చూసి మింగేశాను. పెద్ద టీచరు గడియారం చూసుకున్నారు. ముందు వరసలో ఒకడు ఏడుపుమొహం పెట్టాడు. వాడు అందుకున్నాడంటే పాతిక గొంతులూ అందుకుంటాయి.

అప్పుడు ముందు పళ్ళు రెండూ ఊడిన ఒక పిల్ల చార్టు దగ్గరికెళ్ళి మొట్టమొదటి పువ్వు మీద వేలు పెట్టింది.

“టీచర్, ఈ పువ్వు అంటించినప్పుడు గుడ్లు మీ సంచీలోనే ఉన్నాయి. మరి పెట్టెలో ఒక రోజు ఎలా అయింది?”

అక్క వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది. అంకెలు నేర్పే మనిషి, గుడ్లు పెట్టెలో పెట్టిన రోజునే ఒకటి అనేసింది! ఇంకొకరైతే నెపం కరెంటు మీదకో బల్బు మీదకో, అంటే నా మీదకో, తోసేవారు. అక్క పిల్లల ఎదుట మోకాళ్ళమీద కూర్చుంది.

“తప్పు నాదేరా. ఇవాళ్టికి ఇరవయ్యే. రేపు రండి.”

“రేపు సెలవు కదమ్మా?” అన్నారు పెద్ద టీచరు.

“గుడ్లకి లేదు కదండీ.”

మర్నాడు అందరికంటే ముందు గేటు దగ్గర నిలబడింది ఆ ఉల్లిపాయల తండ్రే. పళ్ళు లేని పిల్లే ఇరవై రెండో పువ్వు అంటించింది. అది ఇంకా ఆరనేలేదు, లోపల టక్‌మంది. ఓ గుడ్డుకి చిల్లి, చిల్లిలో బుల్లి ముక్కు! ఆ తర్వాత చూడాలి సంబరం. పిల్లల కేకలకి పక్క వీధిలో పాలు విరిగిపోయాయి. పన్నెండు గుడ్లలోంచి పదమూడు పిల్లలు ఎత్తు ప్రకారం వరసకట్టి బయటికొచ్చాయి. పెద్ద టీచరు బల్లెక్కి గంతులేశారు. అక్కేమో సేనాపతిలా చేతులు కట్టుకుని, ఇదంతా ముందే తెలుసన్నట్టు నిలబడింది.

ఇంతవరకు రాసి అక్కకి చూపించాను. ఎర్ర పెన్ను తీసి కింద ఇలా రాసింది:

“నేను నిలబడలేదు. బెంచీమీద కూర్చుండిపోయాను. ముందే ఏమీ తెలీదు. ఏడు పిల్లలు వచ్చాయి, ఐదు గుడ్లు పగల్లేదు. ఆ ఐదింటి సంగతి కూడా క్లాసులో చెప్పాను. ఎవరూ ఏడవలేదు.”