పెనుకొండ దగ్గర ఆగిపోయిన ఇల్లు

ఆ రోజుల్లో కరెంటు గురించి నాకు తెలియనిది ఏదీ లేదనుకునేవాణ్ణి. డిప్లొమా చేతికొచ్చి ఏడాది తిరగలేదు, హిందూపురంలో ఇన్వర్టర్ల అంగడిలో చేరి ఆరు నెలలు కాలేదు. అయినా సంచిలోంచి మీటరు తీసి, దాని ఎర్ర వైరూ నల్ల వైరూ సర్దుకుంటూ నిలబడితే ఎదుటివాళ్లు డాక్టరు ముందు కూర్చున్నట్టు మాట్లాడకుండా ఉండిపోయేవాళ్లు. (ఆ నిశ్శబ్దం కోసమే అవసరం లేని చోట కూడా మీటరు తీసేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటే నాకు నష్టమేమీ లేదు.)

ఒక ఎండాకాలం పొద్దున మా మామ ఫోను చేశాడు. అమ్మకు తమ్ముడు, ధర్మవరంలో ఉంటాడు. పట్టుచీరలు నేసి, వ్యానులో ఊరూరా తిప్పి అమ్మేవాడు. వ్యాను పాతబడ్డాక వదిలించుకోబుద్ధి కాక, లోపల మంచం, పొయ్యి, ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు బిగించి దాన్ని ఇల్లు చేశాడు. సీటు కింద బ్యాటరీ, పక్కనే ఇన్వర్టరు, వైరింగంతా సొంత చేత్తోనే. ఇదంతా మా అవ్వకు సముద్రం చూపించడానికి. డెబ్బై దాటినా ఆమె సముద్రం చూడలేదు. (టీవీలో చూశావు కదా అంటే, "టీవీలో నీళ్లు కాళ్లు తడుపుతాయేంరా?" అనేది.) హిందూపురం మీదుగా మంగళూరు పోదామని తెల్లవారగానే బయలుదేరారు. పెనుకొండకు వచ్చేసరికి ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోయింది. ఫ్రిజ్జులో అవ్వ చక్కెర జబ్బుకు వేసుకునే ఇంజెక్షను మందు ఉంది.

"అల్లుడా, ఇది బాగు కాకుంటే వెనక్కి తిప్పుకొని పోతా. ఈ ఎండకు మందు చెడిపోతే ఆ సముద్రం గట్టున అమ్మను పెట్టుకొని నేనేం చేయల్ల?" అన్నాడు మామ.

బస్సెక్కి పెనుకొండలో దిగాను. వ్యాను పంక్చర్ల అంగడి నీడలో నిలబడి ఉంది. అవ్వ మంచం మీద కూర్చుని, చల్లటి నీళ్ల ఫ్లాస్కులో పెట్టిన మందును ఒళ్లో పట్టుకుని ఉంది.

"వస్తివా నాయనా! మీ మామ వెనక్కి పోదామంటాండాడు. నేను రాను. కావాలంటే నన్ను ఈడనే దింపేసి పొమ్మను."

నేను మీటరు తీశాను. బ్యాటరీ పన్నెండున్నర వోల్టులకు పైనే చూపించింది. ఫ్రిజ్జు స్విచ్చి వేస్తే గుర్రుమని, కీచుమని, ఆగిపోయింది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అంతే. మళ్లీ బ్యాటరీ చూశాను, నిక్షేపంలా ఉంది. ఇక చేతులు వెనక్కి కట్టుకుని తీర్పు చెప్పాను. "మామా, బ్యాటరీ బాగానే ఉండాది. ఇన్వర్టరు పోయింది. లోపల బోర్డు కాలిపోయింటాది. కొత్తది తెప్పియ్యాలంటే మూడు దినాలు."

మామ తాళంచెవి చేతిలోకి తీసుకున్నాడు. పోట్లాడుతుందనుకున్న అవ్వ పోట్లాడలేదు. సీటు కింద ఉన్న గుడ్డల సంచి కోసం వంగి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అబ్బా! ఏంరా, ఈ తీగ ఇట్ల కాగుతాండాది?"

"కరెంటు పారితే తీగ కాగుతాదిలే అవ్వా," అన్నాను పెద్దమనిషిలా.

ఆమె వినలేదు. ఆ తీగను రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా నడిపించింది. నలభై ఏళ్లు పట్టు దారం చుట్టి, కంటికి కనపడని ముడిని తాకి పట్టిన వేళ్లవి. "అట్లయితే అంతా కాగల్ల కదా? ఆ కొన సల్లగా ఉండాది. ఈడ మాత్రమే కాలుతాండాది."

'ఈడ' అంటే బ్యాటరీకి వైరు బిగించిన చోటు. వేలు పెట్టి చూస్తే నట్టు నా చేతిలో చిన్నపిల్లల పన్నులా కదిలింది. దారి కుదుపులకు వదులైపోయి, కింద తెల్లటి తుప్పు పొక్కులా కట్టింది. నేనేమో ఏమీ నడవనప్పుడు బ్యాటరీ దగ్గర మాత్రమే కొలిచాను. మామతో ఫ్రిజ్జు వేయించి ఈసారి ఇన్వర్టరు దగ్గర కొలిస్తే అంకె గభాలున పదికి పడిపోయింది. ఇన్వర్టరు పాపం ఆకలితో అరుస్తుంటే నేను దానికి మరణ ధ్రువీకరణ పత్రం రాసిచ్చాను.

అన్నీ ఆపేసి, వైరు ఊడదీసి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించాను. ఫ్రిజ్జు గుర్రుమంది. ఈసారి ఆగలేదు. అవ్వ లోపలికి చెయ్యి పెట్టి, "సల్లబడతాండాది," అని మందు దాంట్లో పెట్టేసింది.

"బోర్డు కాలిపోయిందంటివే?" అన్నాడు మామ.

"ఊరికే ఉండు, పిల్లోడు ఎండలో వచ్చినాడు," అంది అవ్వ. (తిట్టి ఉంటే బాగుండేది.)

హిందూపురం దాకా నేనూ ఆ ఇంట్లోనే వచ్చాను, అవ్వ పెట్టిన జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి తింటూ.

మూడో రోజు అంగడిలో ఒకాయన ఇన్వర్టరు నా ముందు పెడుతుండగా ఫోను మోగింది. "ఏమబ్బా, వచ్చినాం! ఇనపడతాందా?" అంది అవ్వ. గాలి హోరు తప్ప నాకేమీ వినపడలేదు. "ఇనపడతాంది అవ్వా," అన్నాను. తర్వాత ఫోను సంగతి మరిచిపోయినట్టుంది, పక్కనున్న మామతో అంటోంది: "ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకొని, మన పక్కకు ఒక్క చుక్కన్నా రానీదే ఇది!"

నేను ఫోను పెట్టేయలేదు. ఎదురుగా ఉన్నాయన్ని ఆగమని చేత్తో సైగ చేసి, ఏదో పెద్ద టెక్నికల్ సంగతి వింటున్నట్టు మొహం పెట్టి, చాలాసేపు అలాగే నిలబడ్డాను. అప్పట్లో నేనైన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఫోనుకు అవతల వాడికి అవ్వ ఉందని కొంచెం అసూయ కూడా.