పొగమంచులో చెరువు

నిన్న హాల్లో బొమ్మ దించి అద్దం తుడుస్తుంటే మా ఆవిడ వెనక నుంచి, "మెల్లిగా. దాన్ని ఒకసారి పాడుచేశారు, చాలు" అంది. ఆ మాటతో 2009 డైరీ వెతికి తీశాను.

అప్పుడు అమెరికాలో, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మా అమ్మాయి దగ్గర ఉండేవాళ్ళం. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక చైనా పెద్దాయన, ఆయనా కూతురి దగ్గరే. రోజూ ఉదయం ఏడింటికి చెరువు ఒడ్డున బెంచీ మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు 'గుడ్ మార్నింగ్', 'కోల్డ్'. నాకు చైనీసు అసలే రాదు. అయినా కాలక్షేపానికి లోటుండేది కాదు. ఆయన బాతులను చూసేవారు. ఇరిగేషన్ శాఖలో ముప్ఫై ఏళ్ళు నీటిమట్టాలు రాసిన అలవాటుకొద్దీ నేను చెరువు ఎంత తగ్గిందో చూసేవాణ్ణి.

ఒక సోమవారం ఆయన కూతురు చుట్టిన కాగితం ఒకటి తెచ్చింది. విప్పితే నల్లసిరాతో ఒక కొండ, కింద బెంచీ, దాని మీద రెండు వీపులు. తక్కినదంతా తెలుపే. న్యూజెర్సీలో ఆ కొండ ఎక్కడిదని నేను అడగలేదు.

"శనివారం మేం శాంటా క్లారా మూవ్ అవుతున్నాం అంకుల్. నాన్న ఇది మీకోసం వేశారు. మా దేశంలో పాతకాలంలో కొండలూ నీళ్ళూ ఉన్న బొమ్మ ఒకరు వేస్తే, స్నేహితుడు అదే కాగితం మీద పద్యం రాసేవాడట. మీరు మీ భాషలో రాయాలి. అప్పటిదాకా ఇది సగం బొమ్మే అంటున్నారు."

జన్మలో పద్యం రాయనివాణ్ణి. మూడు రోజులు చంద్రుడితో, తామరలతో కుస్తీపట్టి కాగితాలు చింపాను.

"ఉదయం ఏడింటికి చంద్రుడెక్కడండీ?" అంది మా ఆవిడ. "రోజూ డైరీలో రాసేదే రాయండి."

శుక్రవారం అదే చేశాను. 'ఉదయం ఏడు. పొగమంచు. చెరువు కనబడలేదు. ఇద్దరం కూర్చున్నాం. బాతు అరిచింది, నీళ్ళున్నాయని తెలిసింది.' స్కేలు పెట్టి, తెలుపు సరిగ్గా మధ్యలో, నాలుగు తిన్నని వరసల్లో.

మర్నాడు నేనూ మా ఆవిడా తీసుకెళ్ళి ఇస్తే, ఆయన కాగితం విప్పి కూతురి వైపు చూశారు. కూతురు నెమ్మదిగా, "పద్యానికి వదిలింది పైన ఈ మూల, అంకుల్. ఈ తెలుపు ఖాళీ కాదు. పొగమంచులో చెరువు" అంది.

మళ్ళీ వేయించుకోవడానికి ఇంకో రోజు లేదు.

"ముప్ఫై ఏళ్ళు నీళ్ళు చూసిన మనిషి!" అని మా ఆవిడ తల పట్టుకుంది.

ఏం రాశానో ఆయన అడిగించారు. నేను ఇంగ్లీషులో చెప్పాను, కూతురు ఆయనకు చెప్పింది. బాతు దగ్గరికి రాగానే ఆయన పకపకా నవ్వారు. కట్టేసిన పెట్టె విప్పించి, కుంచె తీసి, నా ఆఖరి వరస చివర చిన్న బాతును వేశారు. అంతే, నా వరసలు దాని వెనక అలలైపోయాయి. నాకని వదిలిన మూలలో తన పేరున్న ఎర్ర ముద్ర వేసి, "కోల్డ్" అన్నారు, జూలై ఎండలో.

ఆనాటి నుంచి డైరీలో ప్రతి పేజీ కింద కొంత తెలుపు వదులుతున్నాను. ఇన్నేళ్ళ తర్వాత తిరగేస్తే, నేను రాసిన వాతావరణం ఏ రోజుదైనా ఒకటిగానే ఉంటుంది. గడిచిన ఉదయాలు మాత్రం ఆ తెలుపులోంచే వినిపిస్తాయి.